ముందు నీటికి దారి

గత వారం పేపర్లో ఒక ఫొటో చూసి ఈ కాలమిస్టుకు చిర్రెత్తింది. పోటొస్తే నిండా మునిగే తీరపు బురదలో వరసలుగా పాతిన మడ మొక్కలు, వాటి వెనక చిరునవ్వులతో బడిపిల్లలు. ‘మొక్క నాటండి’ అని ఏళ్లుగా ఇదే కాలమ్‌లో పోరుపెట్టిన మనిషికి కోపమేమిటని పాత పాఠకులు అడగొచ్చు.

సునామీ తర్వాత శ్రీలంకలో మడ మొక్కలు నాటిన 23 చోట్లను పరిశోధకులు వెళ్లి చూస్తే, తొమ్మిదింట ఒక్కటీ బతికి లేదు. చోటు కుదరకపోవడం పెద్ద కారణం. మడకు పోటుకు తడిసి, ఆటుకు ఆరే నేల కావాలి. ఎప్పుడూ మునిగుంటే మొక్క కుళ్లిపోతుంది.

కాలమిస్టు తాతది కోనసీమలో వరిసాగు. చౌడు తేలి నాటు మాడితే ఆయన కొత్త నారు కోసం పరిగెత్తేవాడు కాదు. పార భుజాన వేసుకుని మురుగుబోదె వెంట నడిచేవాడు. పూడిన చోట మోకాలిలోతు దిగి తోడేవాడు. నీళ్లు కదిలితే ఉప్పు కదులుతుందనేవాడు. గట్టు మీద కూర్చున్న మనవడు, నల్లటి నీళ్లు గుడగుడమంటూ దిగిపోవడం కళ్లార్పకుండా చూసేవాడు.

కాకినాడ పక్కన కోరింగలో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, మత్స్యకారులు కలిసి చేసిందీ అదే. చెట్లు పోయిన చోట నేల ఎండకు కుంగి పళ్లెంలా అయింది. పోటునీళ్లు నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుంది. అక్కడ చేప వెన్నుముల్లులా కాలువలు తవ్వారు: నడుమ పెద్దది, ఇరుపక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటు లోపలికొచ్చి ఆటుతో వెళ్లిపోవడం మొదలయ్యాక ఉప్పు తగ్గింది. ఫ్లోరిడాలోని వెస్ట్ లేక్‌లో చిత్తడి నేలల నిపుణుడు రాబిన్ లూయిస్ నేల మట్టం, నీటిదారులు సరిచేయిస్తే, పోటు మోసుకొచ్చిన విత్తనాలే అడవయ్యాయి.

అందుకే ‘అసలు నాటొద్దు’ అని ముగించాలనుకున్నాడు ఈ కాలమిస్టు. కానీ కోరింగలో కాలువ గట్ల వెంట మొక్కలు కూడా నాటారు. దగ్గర్లో తల్లిచెట్లు లేకపోతే పోటు మాత్రం విత్తనం ఎక్కణ్నుంచి తెస్తుంది? పైగా ఒండ్రు చేరి ఆ కాలువలు పూడుతుంటాయి, తీస్తూ ఉండాలి.

ఆ పిల్లలను ఇంటికి పంపేయాలని ఇప్పుడనిపించడం లేదు. వాళ్లను కాస్త లోపలికి, పాయ గట్టుకు తీసుకెళ్లి, వచ్చే ఏడాది పూడికతీతకూ పిలిచేవాళ్లు కావాలి.