మనుచరిత్రమునందలి వరూధినీ కథాసమాప్తి

ఆంధ్రప్రబంధములలో మనుచరిత్రమునకుఁ గల ప్రసిద్ధి వేఱొకదానికి లేదనుట అతిశయోక్తి గాదు. అయినను ఆ కావ్యమును జదివినవారి నడిగిచూచినచో నొక వింత తెలియును. సిద్ధుఁడిచ్చిన పాదలేపముతోఁ బ్రవరుఁడు హిమవత్పర్వతమునకుఁ బోవుట, ఆ లేపము మంచునఁ గరఁగుట, వరూధిని యాతనిఁ జూచి మోహించుట, ఆతఁడు నిరాకరించి యగ్నిదేవుని వేఁడుకొని యిల్లు చేరుట - ఇవి యందఱకును గంఠగతములు. స్వరోచి పెండ్లాడిన కన్యలెవ్వరు, మనువును గన్న తల్లి యెవ్వతె యని ప్రశ్నించినచో సాహిత్యాభిమానులును క్షణకాలము తడుముకొందురు. ఆఱాశ్వాసముల కావ్యమున సగము ముగియకమునుపే పాఠకుని మనస్సు నిలిచిపోవుచున్నది. ఉత్తరభాగమునఁ గవిత్వము తగ్గుటయే యిందులకుఁ గారణమని కొందఱందురు. నాకట్లు తోఁపదు. స్వరోచి వేఁట వర్ణించినప్పుడును పెద్దనార్యుని పలుకుబడి యెప్పటివలెనే యున్నది. కొఱఁత వేఱొకచోట నున్నది. అది వరూధినీకథ ముగిసిన తీరునందుఁ గలదని నిరూపించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ప్రణయకథాంతములు చదువరిని నిరాశపఱచుట రెండు విధములు. కథ నడుమనే నిలిచిపోవుట మొదటిది. జపానుదేశమున యజావా ఐ యను రచయిత్రి చిత్రరూపమున వ్రాసిన 'నానా' యను కథ యిట్టిది. దాని చలచిత్ర ధారావాహిక 47 భాగములు నడచి 2007లో ముగిసెను గాని, యప్పటికి మూలకథ ముగియలేదు. రచయిత్రి యస్వస్థతచే 2009లో మూలమును నిలిచెను. ఇట్టిచోఁ జూచినవారికి దుఃఖము కలుగును గాని కర్తపై నింద లేదు. రెండవ విధమున కథ ముగియును. కాని మొదలుపెట్టినది యొకటి, ముగిసినది మఱియొకటి. కర్త స్వస్థుఁడై, సావకాశముగా, తానే లేపిన ప్రశ్నను మఱచి వేఱొక ప్రశ్నకు సమాధానము చెప్పి పుస్తకము మూయును. మనుచరిత్ర మీ రెండవ తెగకుఁ జేరినది.

పెద్దన మొదలిడిన దేమియో ముందుగాఁ జూడవలయును. పురాణములయందు అప్సరస తపోభంగమునకై పంపఁబడు సాధనము; ఆమె మనస్సుతోఁ గథకుఁ బని లేదు. వరూధినిని దేవేంద్రుఁడు పంపలేదు. ఆమె తనంతఁ దాను మోహించినది. త్రోవ యడిగిన బ్రాహ్మణునితోఁ జతురముగాఁ బలికినది, వేఁడుకొన్నది, తర్కించినది, త్రోసివేయఁబడి కన్నీరు పెట్టినది, ఆతఁడు పోయిన పిదప వెన్నెలను దూఱినది. ప్రవరుని నిష్ఠయెంత దృఢమో యామె కోరికయు నంత నిక్కమని కవి మనచే నమ్మించెను. ఆ సంవాదమున నెవ్వరి పక్షము వహింపవలయునో తెలియక పాఠకుఁ డూఁగిసలాడుటయే యా ఘట్టముయొక్క గొప్పతనము. కోరికను బాపమని తేల్చివేయదలఁచిన కవి దాని కంతటి చక్కని మాటల నిచ్చియుండఁడు.

తరువాత జరిగిన దేమి? పూర్వ మామెచేఁ దిరస్కృతుఁడైన గంధర్వుఁడొకఁ డామె దైన్యమును గనిపెట్టి ప్రవరుని రూపము దాల్చి వచ్చును. ఆమె వానినే ప్రవరుఁడని నమ్మి చేపట్టును. ఆమె గర్భవతి యైన పిదప వాఁడు తన దారిఁ బోవును. స్వరోచి జన్మించును. అంతటితోఁ గావ్యము కొడుకు వెంటఁ బరుగిడును. తల్లికిఁ జెప్పుకొనఁదగిన చోటు మఱి లేదు. తన్నుఁ జేరినవాఁడు ప్రవరుఁడు గాఁడని యామె కెన్నఁడును దెలియదు. మూలపురాణమున గంధర్వుఁడు సంగమవేళఁ గన్నులు మూసికొమ్మని యామెకు నియమము పెట్టును. ఆ కన్నులు కావ్యాంతము వఱకును దెఱవఁబడలేదనియే చెప్పవలయును.

వరూధిని మోసపోవుట నా యాక్షేపణ కాదు. మోసము కథలకు జీవము. ఆ మోస మామెకుఁ దెలియకపోవుటయు, దాని ఫలము కావ్యమున నెవ్వరి హృదయమును దాఁకకపోవుటయు నాక్షేపణీయములు. ఆమె కామాతురత కిది తగిన శిక్షయని సమాధానపడు చదువరులు కలరు. శిక్ష యనఁగా శిక్షితుఁ డెఱుఁగవలసినది. తెలియని శిక్ష శిక్ష యెట్లగును? పైఁగా వంచించిన గంధర్వునికి దండన లేదు, పశ్చాత్తాపమును లేదు. అడిగిన స్త్రీ దోషి యగుటయు, దొంగరూపున వచ్చిన పురుషుఁడు కథనుండి సుఖముగాఁ దొలఁగుటయు ధర్మమని యొప్పుకొనుట కష్టము.

కవిపక్షమున రెండు సమాధానములు చెప్పవచ్చును. కృష్ణదేవరాయలు కోరినది స్వారోచిషమనుసంభవము. గ్రంథమునకు నదియే పేరు. కాఁబట్టి వరూధిని మనుసంభవమునకుఁ గారణమాత్రమే కాని నాయిక కాదు, ఆమె కథ యెక్కడ విడిచినను దోషము లేదు - ఇది మొదటిది. పేరును బట్టి యిది నిజమే. కాని కవి ప్రతిజ్ఞ పేరునందు మాత్రమే యుండదు. వ్యయించిన పద్యములయందును ఉండును. కారణమాత్రమైన దానికై యన్ని పద్యములు వెచ్చించి, కావ్యమునకుఁ బరమఫలమైన మనువు పుట్టుకను గడపటఁ దెచ్చిపెట్టినచో పాఠకుఁడు దేనిని ప్రధానమని తలఁచును?

పురాణకథను మార్చుట కవికిఁ దగదనుట రెండవ సమాధానము. మార్కండేయపురాణమును, దానికి మారన చేసిన తెనుఁగును పెద్దన యెదుట నుండెను. కథ యందున్నట్లే నడచినది. అయినను సంస్కృతకవులలో మేటియైన కాళిదాసు చేసిన పని మనకుఁ దెలియును. మహాభారతమున దుష్యంతుఁడు శకుంతల నెఱిఁగియు నెఱుఁగనట్లు నటించును. కాళిదాసు శాపమును, ఉంగరమును గల్పించి, రాజునకు మఱపును బిమ్మట నెఱుకయుఁ గలిగించి, కడపటి యంకమున నిరువురను ముఖాముఖి నిలిపెను. నాటకము పేరే అభిజ్ఞానమును జెప్పుచున్నది. పుట్టవలసిన భరతుఁడు పుట్టెను, పురాణప్రయోజనము చెడలేదు. శకుంతలకుఁ జెల్లవలసినదియుఁ జెల్లెను. మనువు పుట్టుటకు వరూధినికి నిజము తెలియుట యడ్డు రాదు.

తెనుఁగునందే యింకొక నిదర్శనము గలదు. పింగళి సూరన కళాపూర్ణోదయమున మణికంధరుఁడు నలకూబరుని రూపమునను, కలభాషిణి రంభ రూపమునను మెలఁగుదురు. మాయారూపసమాగమమే యక్కడ నిరువైపులఁ జిక్కుపడినది. కాని సూరన యా చిక్కును విప్పక విడువలేదు. శిశువైన మధురలాలస నోటఁ బూర్వకథ నంతయుఁ జెప్పించి, యెవ్వరెవ్వరో, యెవరి కోరిక యెట్లు తీఱెనో తేటపఱచెను. చిత్తూరు సమీపమునఁ గట్టమంచియందు జన్మించిన రామలింగారెడ్డి 1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారమున కళాపూర్ణోదయమునే విమర్శకు విషయముగాఁ గైకొనుట యూరక జరిగినది గాదు. కథాసంవిధానమునుగూర్చి మాటాడఁదలఁచిన వాని కాంధ్రప్రబంధములలో నంతకంటెఁ దగిన గ్రంథము దొరకుట దుర్లభము. పెద్దన ముడివైచి విడిచిన సన్నివేశమును సూరన విప్పి చూపెనని చెప్పవచ్చును.

ఇంతకంటె నాశ్చర్యకరమైన దొకటి యున్నది. ముడి విప్పుటకుఁ దగిన దారము పురాణకథయందే కలదు. స్వరోచి మువ్వురు భార్యలతో సుఖించుచుండఁగా నొక హంసి యా దాంపత్యమును మెచ్చుకొనును. చక్రవాకి దాని మాటను ఖండించి, పలువురకుఁ బంచిన ప్రేమ ప్రేమ గాదనియు, ఒక్కని యందే మనస్సు నిలిపిన తనకు గల భాగ్యము వారికి లేదనియుఁ బలుకును. ప్రేమయొక్క సత్యాసత్యములను బరీక్షించు ప్రశ్న యిది. ఆ ప్రశ్న మొదట వరూధినికిఁ జెందవలసినది. ఒక్కని యందే మనస్సు నిలిపి, యా యొక్కఁడు గానివానిఁ జేపట్టిన స్త్రీ ప్రేమ సత్యమా యసత్యమా? స్వరోచి చక్రవాకి మాట విని సిగ్గుపడిన తఱి, తన తల్లి చరిత్ర స్ఫురించెనని కవి యొక్క పద్యము వ్రాసియున్నచో పూర్వోత్తరభాగము లేకమై యుండెడివి. దారము చేతనుండియుఁ గుట్టు పడలేదు.

కథాంతమునుగూర్చి యింత పట్టుదల యేల, వర్ణనలను బట్టియే ప్రబంధమును జదువవలెనని పెద్దలు కొంద ఱనవచ్చును. జనసామాన్యము మాత్రము కథాంతమును దేలికగాఁ జూడదు. చౌడేపల్లె, పుంగనూరు మొదలు కుప్పము వఱకుఁ గల పల్లెలవారు చిత్తూరు సీమ భారతోత్సవముల నెఱుఁగుదురు. పగలు హరికథ, రాత్రి నాటకము. పెక్కుచోట్ల 18 దినములు నడచును. కడపటి దినమున మట్టితోఁ జేసిన దుర్యోధనుని మహావిగ్రహము నేలపైఁ బరుండఁగా వధ జరుగును. ద్రౌపది విప్పిన జుట్టు ముడుచుకొనును. మొదటి దినములలోఁ గన్నీరు పెట్టినవారు తప్పక చూడవచ్చునది యీ ఘట్టమే. ద్రౌపది శపథమును నడుమ విడిచి పరీక్షిత్తు జననముతో నుత్సవము ముగించినచో నే పల్లెయు నొప్పుకొనదు. వంశము నిలిచెను గదా యని చెప్పినను వినరు. వరూధిని చదువరులు కోరునదియు నంతమాత్రమే.

పెద్దనయందలి గౌరవలోపముచే నీ మాటలు వ్రాయలేదు. వరూధిని నంత సజీవముగా నిర్మింపకున్నచో నామె యేమైనదని యడుగువారే యుండరు. మన పాఠ్యగ్రంథములలోఁ జేర్చునవి బహుధా ప్రవరవరూధినీ సంవాదఘట్టములే యగుటచే, ప్రవరుఁ డిల్లు చేరినంతనే కథ ముగిసినదని విద్యార్థులు తలఁతురు. ప్రవరుని నిగ్రహమును మెచ్చి, వరూధినిని నవ్వి విడుతురు. మాయాప్రవరుని వృత్తాంతమును గూడఁ జెప్పి, ఆమెకు జరిగిన వంచనను వంచనయని పేర్కొని, కవి విడిచిన ప్రశ్నను వారి యెదుట నుంచుట యుపాధ్యాయులకుఁ గర్తవ్యమని నా మనవి.