‘ముడికళ’ అన్న మాట చాలునా? : ద్యుబుఫే భావన, పాతబస్తీ పనితనం, తెలంగాణ పటం

1951 డిసెంబరు 16న హైదరాబాదు పాతబస్తీలోని దివాన్ దేవిడీలో సాలార్‌జంగ్ మ్యూజియాన్ని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. నాలుగు రోజుల తరువాత, డిసెంబరు 20న, ఫ్రెంచి చిత్రకారుడు ఝాన్ ద్యుబుఫే షికాగో ఆర్ట్స్ క్లబ్బులో పాశ్చాత్య సంస్కృతి విలువలనే నిలదీస్తూ ఒక ప్రసంగం చేశాడు. ఈ రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం ఏదీ లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూడదగినవి. ఒకచోట ఐరోపా అకాడమీల అభిరుచి ఒక సంస్థానపు దివాను ఇంటినుంచి సామాన్య ప్రేక్షకుల ముందుకు వచ్చింది. మరొకచోట అదే అభిరుచి నడుమ పెరిగినవాడు దానిని కాదని బయటికి నడిచాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం ఎక్కువగా గుమిగూడేది బెన్జోని చెక్కిన ‘ముసుగు రెబెకా’ ముందు. పాలరాయి తడిసిన పలుచని బట్టలా ఎలా కనిపిస్తోందన్నదే అక్కడ అందరి ఆశ్చర్యం. ద్యుబుఫే అయితే ఆ విగ్రహం ముందు ఒక్క నిమిషమైనా నిలిచి ఉండేవాడు కాదు.

ద్యుబుఫే 1901లో లె ఆవ్ర్ రేవుపట్టణంలో వైన్ వ్యాపారుల కుటుంబంలో పుట్టాడు. 1918లో పారిస్ వచ్చి అకాడమీ జూలియన్‌లో చేరి, ఆరు నెలలకే మానేశాడు. చాలాకాలం వ్యాపారం చేసి, నలభై దాటిన తరువాతే పూర్తికాలపు చిత్రకారుడయ్యాడు. ఇసుక, తారు, కంకర కలిపిన చిక్కని ముద్దను పలకమీద మెత్తి, గీకి బొమ్మలు వేశాడు. 1946లో వాటిని ప్రదర్శించినప్పుడు పారిస్ విమర్శకులలో చాలామంది మండిపడ్డారు. 1945లో ఆయన ‘ఆర్ట్ బ్రూట్’ అన్న పేరు పెట్టాడు. మానసిక చికిత్సాలయాలలో ఉన్నవారు, ఖైదీలు, పూనకంలో బొమ్మలు గీసేవారు, ఎవరికీ చూపకుండా తమకోసమే గీసుకునే ఏకాంతజీవులు చేసిన పనిని ఈ పేరుతో సేకరించాడు. జీవితంలో సగానికి పైగా స్విట్జర్లాండులోని ఒక చికిత్సాలయంలో గడిపిన కూలి అడోల్ఫ్ వోల్ఫ్లి, అలోయిజ్ కోర్బాజ్ ఆ సేకరణలో ముఖ్యులు. 1949లో రెనె ద్రువాఁ గ్యాలరీలో వీరి పనిని ప్రదర్శిస్తూ, సంస్కృతీపరుల కళకంటె ఇదే మేలని ద్యుబుఫే బాహాటంగా ప్రకటించాడు. ఆ సేకరణ 1976 నుంచి లొజాన్ నగరంలో ప్రజలకు అందుబాటులో ఉంది. రోజర్ కార్డినల్ 1972లో దీనిపై రాసిన ఆంగ్ల గ్రంథంతో ‘అవుట్‌సైడర్ ఆర్ట్’ అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది.

ఈ రెండు పేర్లనూ తెలుగులో ఏమనాలి? ఇది కేవలం పారిభాషిక సమస్య కాదు. ఫ్రెంచిలో ‘బ్రూట్’ అంటే శుద్ధి చేయనిది, చెక్కనిది. వైన్ వర్తకంలో తీపి చేర్చని షాంపేనుకూ అదే మాట. ఆ వర్తకంలో పుట్టినవాడికి ఈ రెండో అర్థం తెలియకుండా ఉండదు. తీపి చేర్చకపోవడం అక్కడ లోపం కాదు, అదే ఆ పానీయపు రుచి. తెలుగులో ‘ముడి’ అనగానే ముడిచమురు, ముడిసరుకు స్ఫురిస్తాయి. ముడిది ఎప్పుడూ మరొకటి కావడానికి ఎదురుచూస్తూ ఉంటుంది. కనుక ‘ముడికళ’ అన్న అనువాదం ద్యుబుఫే ఉద్దేశానికి సరిగ్గా ఎదురుదిశలో నడుస్తుంది. ‘పచ్చి’ కొంత నయం. ‘పచ్చి నిజం’ అన్నప్పుడు నిజానికి ఏ కొరతా లేదు, పైపూత మాత్రమే లేదు. కాని ఆ మాటకు బూతు వాసన కూడా అంటి ఉంది. ‘నాటు’లో స్థానికత ఉంది, చులకనా ఉంది, నాటుకోడిని మెచ్చుకునే నోరే నాటువైద్యుణ్ణి వెక్కిరిస్తుంది. ‘అశిక్షిత కళ’ అన్నది వ్యాసాలకు పనికివస్తుందేమో కాని, శిక్షణ అంటే కళాశాల శిక్షణే అన్న భావాన్ని చర్చ లేకుండానే ఒప్పుకుంటుంది.

‘అవుట్‌సైడర్’ దగ్గర చిక్కు ఇంకా లోతైనది. ‘బయటి’ అన్న మాట ఐరోపా విమర్శలో ఒక స్వేచ్ఛను సూచిస్తుంది. సంఘం పట్టించుకోనివాడు కనుక ఆ కళాకారుడు సంఘాన్ని అనుకరించడన్నది దాని వెనుక ఉన్న ఊహ. తెలుగులో దీనికి దగ్గరి ధాతువు ‘వెలి’. వెలివాడ, వెలివేత అన్న మాటలలో స్వేచ్ఛ లేదు. బయట ఉండడం అక్కడ ఎంపిక కాదు, శిక్ష. ఈ మాటను దాటవేసి బయటివారి కళను గురించి తెలుగులో మాట్లాడడం సాధ్యం కాదు. ద్యుబుఫే భావనను పరీక్షించవలసిన చోటు ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ముందుగా పాతబస్తీనే చూద్దాం. పత్తర్‌గట్టీకి సమీపంలో ఉన్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను 16వ శతాబ్ది చివరలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. దాని గోడలమీది రంగుపెంకుల అల్లిక 17వ శతాబ్ది తొలి సంవత్సరాలది. మొహర్రం నెలలో అక్కడ నిలిపే ఆలములు, పల్లెల్లో మనం పీరీలనే వాటికి నగరపు రూపాలు, లోహంలో కోసిన అక్షరాలతో, ఆకులతో, పడగలతో ఉంటాయి. మనిషి రూపాన్ని అనుకరించాలన్న ఆలోచన వాటిలో లేదు. ‘ముసుగు రెబెకా’ నిలిచిన మ్యూజియానికి కొద్దిదూరంలోనే ఇంతటి భిన్నమైన కళాదృష్టి ఉంది. చేసినవారి పేర్లలో అత్యధికం మనదాకా రాలేదు. వారిలో ఎవరూ ఏ అకాడమీలోనూ చదవలేదు. అయితే వీరిని అశిక్షితులనగలమా? అక్షరం కొలత కలం ముక్కుతో వేసిన చుక్కలను బట్టి నిర్ణయమయ్యే లిపివిద్యలో, గురువు అనుమతి దొరికేదాకా శిష్యుడు తన పేరు కింద రాయకూడదన్నది సంప్రదాయం. ఇంత కఠినమైన చదువు ఐరోపా అకాడమీలలోనూ అరుదు.

ఇక్కడ ద్యుబుఫే జీవితంలోని ఒక ఘట్టం ప్రస్తావించాలి. 1947-49 మధ్య ఆయన మూడుసార్లు సహారా ఎడారికి వెళ్ళాడు, అరబ్బీ నేర్చుకున్నాడు. ఎడారి మనుషులను, ఒంటెలను, ఇసుకలో కాలిజాడలను విరివిగా గీశాడు. సంస్కృతి అంటని మనిషిని వెతుక్కుంటూ వెళ్ళినవాడు చేరింది ఒక మహాలిపి వ్యవహారంలో ఉన్న నేలకు. అదీ అప్పటికి ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న అల్జీరియాకు. ఆ బొమ్మలలో ఇసుక ఉంది, గాలి ఉంది. ఆ ప్రాంతపు విద్యాసంప్రదాయం మాత్రం కనబడదు. సంస్కృతి నుంచి పారిపోయేవాడు ఎదుటివాడి సంస్కృతిని చూడలేకపోవడం ఆశ్చర్యకరం కాదు.

అరబ్బీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చిన ‘నక్కాష్’ అన్న మాట తెలుగులో ‘నకాషి’ అయి, నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో పటాలు గీసే కుటుంబాలకు ఇంటిపేరు వంటిదయింది. పాతబస్తీ భాష పల్లె చిత్రకారుడికి పేరు పెట్టింది; అతను గీసింది తెలుగు కులపురాణం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, గౌడులకు కథ చెప్పే గౌడజెట్టివారు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవారు ఈ పటాలు గీయించుకునేవారు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత పెట్టి ఆరబెడతారు. ఎర్రని నేల మీద గళ్ళుగళ్ళుగా కథ పైనుంచి కిందికి దిగుతుంది. పటం పొడవు ఎన్నో గజాలు ఉంటుంది. ఏ పాత్రకు ఏ ఒంటిరంగు, ఏ ఘట్టం తరువాత ఏ ఘట్టం అన్నది చిత్రకారుడి ఇష్టం కాదు. కథకుడు కర్రతో చూపుతూ పాడేటప్పుడు గడి తప్పితే కథ తప్పుతుంది. జగదీష్ మిత్తల్ హైదరాబాదులో సేకరించి, అధ్యయనం చేసి ప్రచురించిన పటాలు ఈ సంప్రదాయం 17వ శతాబ్దంలోనే పరిపక్వ స్థితిలో ఉందని నిరూపిస్తున్నాయి.

ఈ కథకులలో డక్కలివారి స్థానం ప్రత్యేకం. వారు మాదిగలకు ఆశ్రితులు. ఊరికి వెలిగా ఉన్న వాడకు కూడా వెలిగా ఉంచినవారు. వారు పటం విప్పి చెప్పే జాంబపురాణంలో భూమికంటె ముందే పుట్టినవాడు జాంబవుడు. తక్కిన లోకమంతా అతని తరువాతదే. అందరికంటె చివర నిలబెట్టిన కులం, అందరికంటె ముందు పుట్టినవాడి సంతతి తామని బొమ్మలు చూపి నిరూపిస్తుంది. ఇది అమాయకుడి చేతినుంచి అప్రయత్నంగా జారిన కళ కాదు. ఇది వాదం. సాక్ష్యం చూపి, క్రమం తప్పకుండా, ప్రతిపక్షాన్ని మనసులో పెట్టుకుని నడిపిన వాదం. అక్షరం నిరాకరించిన సమాజంలో పటమే వారికి గ్రంథం. దానిని ‘చదువులేని కళ’ అని మెచ్చుకుంటే, అక్షరం నిరాకరించిన చేయే ఇప్పుడు చదువును కూడా నిరాకరిస్తున్నట్లవుతుంది. మెచ్చుకోలు రూపంలో ఉన్నందువల్ల దానిని పట్టుకోవడం మరింత కష్టం.

ద్యుబుఫే పక్షాన ఒక మాట చెప్పాలి. జానపద కళను ఆయన ఆర్ట్ బ్రూట్‌లో కలపలేదు. పరంపర ఉన్నచోట తన పేరు వర్తించదని ఆయనకు తెలుసు. ఆ తేడాను చెరిపింది తరువాతి సేకర్తలు, వ్యాపారులు, కొంతవరకు మన విమర్శకులు. చండీగఢ్‌లో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూ, పగిలిన గాజులతో, పింగాణీ ముక్కలతో ఎవరికీ తెలియకుండా రాతితోట కట్టిన నేక్ చంద్‌ను, తాతముత్తాతల నుంచి పటం గీస్తున్న నకాషీని ఒకే అరలో సర్దడం ద్యుబుఫే తప్పు కాదు. అయితే ఆయన నిర్వచనంలోనే ఈ పొరపాటుకు తావుంది. చెప్పులు కుట్టే పని నేర్చిన గాస్తోఁ షెసాక్‌ను మొదట తన సేకరణలో గౌరవంగా చేర్చి, అతనికి రచయితలతో, చిత్రకారులతో పరిచయం ఉందన్న కారణంగా తరువాత అనుబంధ విభాగానికి మార్చారు. బొమ్మలు మారలేదు, వేసినవాడికి తెలిసినవి పెరిగాయి, అంతే. కళాకారుడు ఎంత తెలియనివాడైతే అంత స్వచ్ఛమన్న ఈ కొలమానం అకాడమీ కొలమానాన్ని తలకిందులు చేసిందే కాని వదులుకోలేదు. రెండు చోట్లా తీర్పు చెప్పేది అకాడమీ తెలిసినవాడే.

ద్యుబుఫే చిత్రాలు తక్కువవని దీని అర్థం కాదు. గోడను, మట్టిని, తారును చూడదగిన వస్తువులుగా నిలిపిన ఆ ముద్దబొమ్మల ముందు, సున్నం పొరలు ఊడిన పాతబస్తీ గోడ కొత్తగా కనిపిస్తుంది. ఆయన కన్ను నమ్మదగినది, సిద్ధాంతమే చిక్కు. మన విమర్శ ఇప్పటిదాకా సిద్ధాంతాన్ని అరువు తెచ్చుకుని కన్నును వదిలేసింది.

అనువాదంగా ఏ ఒక్క మాటనూ ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. వోల్ఫ్లి వంటివారికి ‘ఏకాంత కళ’ కొంతవరకు సరిపోతుంది. నకాషీకి, ఆలము చేసే కంసాలికి ఆ అవసరమే లేదు. వారి పనికి వారి పేర్లున్నాయి. అసలు అవసరం మరొకటి. మిరాశీ హక్కులతో ఊళ్ళు తిరిగే కథకులు తగ్గిపోవడంతో నిడుపాటి పటం అడిగేవారు లేరు. చేర్యాల కుటుంబాలు నేడు ముఖాలు, బొమ్మలు, గోడకు తగిలించే చిన్న చతురస్రాలు చేసి నగరానికి అమ్ముతున్నాయి. కొనేవారికి వాటిలో నచ్చేది ‘పల్లె అమాయకత్వం’. ఒక్క గడి మాత్రమే ఉన్న ఆ చట్రంలో అదే ఎర్ర నేల, అవే కళ్ళు ఉంటాయి. ఆ గడికి పైన ఏ ఘట్టం ఉండేదో, కింద ఏది రావాలో గీసినవాడికి తెలుసు. చట్రం వెనుక అంటించిన చీటీలో ధర ఒక్కటే ఉంటుంది.