నిషిద్ధాక్షరియు యంత్రమేధయు

కృత్రిమమేధ యనబడు యంత్రము పనిచేయు తీరును శాస్త్రజ్ఞులు కానివారికి తెలుపుటకు మూడు ఉపమానములు వాడుకలో నున్నవి. కొందరు దానిని మెదడందురు, కొందరు గ్రంథాలయమందురు, మరికొందరు చిలుక యందురు. ఉపమానము తప్పినచో అవగాహనయు తప్పును గనుక వీనిని పరీక్షించుట యవసరము.

మెదడను పోలికను గూర్చి విశేషముగ చెప్పవలసినది లేదు. పేరును బట్టి పుట్టిన భ్రమ యది. గ్రంథాలయమను పోలిక ఇంతకంటె హానికరము. గ్రంథాలయమున పుస్తకము పుస్తకముగనే యుండును. అడిగినవానికి పుట తెరచి చూపవచ్చును. యంత్రము తాను చదివిన పంక్తులను కొన్నిటిని యథాతథముగ చెప్పగలిగినను, అందున్నవి పుటలు కావు, సంఖ్యలు. 2020లో వెలువడిన జీపీటీ-3 యందు అట్టివి 17,500 కోట్లు. ఆధారగ్రంథ మేదియని యడిగిన విద్యార్థికి అది ఒక్కొక్కప్పుడు లేని గ్రంథమును ధీమాగ చెప్పుటకు మూలమిదియే.

చిలుక పోలిక 2021లో ఎమిలీ బెండర్, టిమ్నిట్ గెబ్రూ మొదలగువారి వ్యాసముతో ప్రసిద్ధి కెక్కినది. హెచ్చరికగ మేలైనదే. కాని చిలుక విన్నదానినే పలుకును. యంత్రము ఎన్నడును వినని వాక్యమును సైతము కూర్చును. ఆ రచయితలు చిలుకకు సంభావ్యతను విశేషణముగ చేర్చియే యుండిరి. లోకము విశేషణమును విడిచి చిలుకను మాత్రము పట్టుకొన్నది.

తెలుగువారికి ఇంతకంటె దగ్గరి పోలిక అవధానసభలోనే కలదు. నిషిద్ధాక్షరియందు అవధాని ఒక్కొక్క అక్షరమే చెప్పుచుండ, తరువాత రాదగిన అక్షరమును పృచ్ఛకుడు పసిగట్టి నిషేధించును. ఛందస్సు, వ్యాకరణము, ప్రస్తుతవిషయము, అంతవరకు పడిన అక్షరములు, వీనినన్నిటిని తూచిననే గాని అతడు ఊహింపజాలడు. భాష యెంతగ ఊహకందునో 1951లో క్లాడ్ షానన్ లెక్కించి చూపెను. ఒక ఆంగ్లవచనమును అక్షరమక్షరముగ ఊహింపజేయగ, ఖాళీలతో కూడ 129 అక్షరములలో 89 మొదటి యత్నముననే సరిపడెను.

యంత్రశిక్షణయు ఇట్టిదే. వాక్యములోని తరువాతి తునకను మూసి ఊహింపజేయుదురు. ఊహ తప్పిన కొలది లోని సంఖ్యలను ఇంచుక సవరింతురు. ఇది లెక్కలేనన్నిసార్లు జరుగును. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన పద్ధతివలన, వెనుకటి తునకలలో దేనికెంత ప్రాధాన్యమీయవలెనో యంత్రమే నేర్చుకొనుచున్నది. పిమ్మట మనుష్యుల మెప్పును బట్టి దానిని దిద్దుటయు కలదు; పునాది మాత్రము ఊహయే. పృచ్ఛకుడు ఊహించి అడ్డుపడును. యంత్రము తగినదని తోచిన తునకను పలికి, దానిని కూడ లెక్కలో చేర్చుకొని ముందునకు సాగును. అతుకుబాటు దాని కొలత, సత్యము కాదు. పృచ్ఛకునికి పద్యార్థము తెలియును, యంత్రమునకు సంఖ్యలే తెలియును గనుక ఈ పోలికకును హద్దు కలదు.

ఈ తునకల యందే తెలుగునకు చిక్కున్నది. 'తెలుగు' అను మాటకు అక్షరములు మూడే యైనను, యంత్రములలో సాధారణముగ వాడబడు యూటీఎఫ్-8 పద్ధతిలో అది 18 బైట్లగును. ఆంగ్లలిపిలో వ్రాసిన అదే మాటకు ఆరే చాలును. 2019 నాటి జీపీటీ-2 వంటివి బైట్లనుండియే తునకలు కూర్చుకొనినవి. ఆంగ్లమెక్కువగ చదివిన యట్టి యంత్రము ఆంగ్లపదమును ఒక్క తునకగ పట్టుకొనును. తెలుగుపదమును పొడిపొడిగ చేయును.

ఇంతకంటె పెద్దచిక్కు చదువునకు సంబంధించినది. పృచ్ఛకుడు తానెరుగని ఛందస్సులో అడ్డుపడజాలడు. యంత్రమునకు చదువ దొరకినది వ్రాతలోని తెలుగు. హోసూరు, బరంపురము, షోలాపురముల ఇండ్లలో తరతరములుగ నున్న పలుకుబడి అధికభాగము వ్రాతకెక్కనే లేదు. పులికాటు సరస్సు తీరపు తెలుగును స.వెం.రమేశ్ 'ప్రళయ కావేరి కథలు'లో నిలిపిరి; అట్టి గ్రంథములు కొలదియే. కావున ఆ యూళ్ల బిడ్డ వ్రాసిన ఇంటిమాటను యంత్రము కొట్టివేసి వేరొకమాట చూపినచో, అది వ్యాకరణనిర్ణయము కాదు. ఆ మాట దాని కంటబడినది తక్కువ యని మాత్రమే దాని యర్థము.