పాఠము చెప్పని పదార్థములు

ఎన్.సి.ఇ.ఆర్.టి. ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథపు పూర్వముద్రణలలో, వేడికి మెత్తబడు ప్లాస్టిక్కులకు పాలిథీన్, పి.వి.సి.లను ఉదాహరించిరి. మాట నిజమే, కాని అసంపూర్ణము. మైదుకూరు చేలకు బోరునీరు తెచ్చు గొట్టము పి.వి.సి.; మోటారు తీగపై తొడుగూ పి.వి.సి.యే. మొదటిది బిరుసు, రెండవది మెత్తన. ఈ భేదమునకు కారణము పాలిమరు కాదు, దానిలో కలిపిన పదార్థములు.

తొడుగులో థాలేటుల వంటి మెత్తపరచు ద్రవములు పొడవైన అణువుల గొలుసుల నడుమ చేరి, వాటిని ఒకదానిపై ఒకటి జారనిచ్చును. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ కనుగొన్న ఉపాయమిదే. ఈ ద్రవములు గొలుసులతో రసాయనికముగా బంధింపబడవు; నూనె తగిలిన బయటికి రాగలవు. బిరుసు గొట్టములో ఇవి అక్కరలేదు. కాని తయారీవేడికి చెడకుండ స్థిరీకారులు కావలెను. వానిలో సీసపు సమ్మేళనములను క్రమముగా మానిపించుటకు భారత ప్రభుత్వము 2021లో నియమములు చేసినది.

పాలిమరు పేరుతో ఆగిన పాఠము ఈ నియమమెందుకో చెప్పజాలదు. గొట్టపు ముక్కను, తీగ తొడుగును పక్కపక్కన వంచి చూపినచో ఉపాధ్యాయుడు ఆ లోటు తీర్చగలడు.