పోర్టు పోయిందంటే పోయిందేమిటి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ల్యాప్‌టాప్‌లు బాగుచేసే బల్లలకు కొదవలేదు. పని తెలిసినవాడి బల్ల ఏదో పోల్చుకోవడానికి నాకొక కొండగుర్తు ఉంది. "అన్నా, యూఎస్‌బీ పోర్టు పోయింది" అని మిషన్ చేతిలో పెట్టగానే స్క్రూడ్రైవర్ అందుకునేవాడు ఒక రకం. "ఏం పెట్టినప్పుడు పోయింది సార్? ఒక్కటేనా, అన్నీనా?" అని అడిగేవాడు ఇంకో రకం. నాకు ముచ్చటేసేది ఈ రెండోవాడి పనితనం.

ఆ ప్రశ్న ఊసుపోక అడిగింది కాదు. మూడు పోర్టులూ కూడబలుక్కుని ఒకే రోజు చావవు. అన్నీ ఒక్కసారే ఆగాయంటే తప్పు వాటి వెనకాల ఉంది: డ్రైవరో, కరెంటు పొదుపు సెట్టింగో, బోర్డు మీద వాటన్నిటికీ 5 వోల్టులు పంపే లైనో. ఒక పక్కవి మాత్రమే ఆగితే అనుమానం మరో చోటికి పోతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఒక పక్క పోర్టులు మదర్‌బోర్డు మీదే ఉంటాయి. రెండో పక్కవి విడిగా చిన్న బోర్డు మీద ఉంటాయి, పలచటి రిబ్బన్ కేబుల్ ఒకటి ఆ రెంటినీ కలుపుతుంది. ఫ్యాను దుమ్ము దులిపించిన మర్నాటి నుంచి ఆ పక్క పోర్టులు పలకడం లేదంటే, మూత తీసి ఆ రిబ్బన్‌ను సరిగా కూర్చోబెడితే చాలు. ఎక్కువసార్లు పని అక్కడితో అయిపోతుంది. నిజంగా ఒక్కటే పోయిందంటే అప్పుడు ఆ పోర్టు సంగతి చూడాలి.

పని తెలిసినవాడు అప్పటికీ మూత విప్పడు. ముందు రీస్టార్ట్ కొడతాడు. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేశానని మనం అంటాం. కానీ విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ అనేది సగం నిద్రే. సిస్టమ్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, లేచాక పాత తిక్కతోనే లేస్తుంది. రీస్టార్ట్‌కు ఆ దాపరికం లేదు. ఆ తర్వాత చార్జర్ పీకి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుంటాడు. కరెంటు వ్యవహారాలు చూసే చిన్న కంట్రోలర్ దీంతో మొదటికి వస్తుంది. అదీ కాకపోతే లినక్స్ వేసిన పెన్‌డ్రైవ్ తీసి, పోయిందన్న పోర్టులోనే పెట్టి, దానితోనే మిషన్‌ను బూట్ చేయబోతాడు. బూట్ అయితే పోర్టు బతికే ఉంది, జబ్బు విండోస్‌లో ఉంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ కంట్రోలర్లను తీసేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ వాటిని మళ్లీ కొత్తగా గుర్తుపడుతుంది. తీసే ముందు మౌస్ వదిలి టచ్‌ప్యాడ్ మీదికి మారతాడు, ఎందుకంటే ఆ మౌస్ కూడా యూఎస్‌బీ మీదే బతుకుతోంది.

ఉత్తుత్తి చావు ఇంకోటి ఉంది. వైర్‌లెస్ మౌస్ డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కు పెడితే మౌస్ తడబడుతుంది, ఒక్కోసారి బిగుసుకుపోతుంది. 3.0 తీగల్లో పుట్టే రొద, డాంగిల్ మాట్లాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది. డాంగిల్‌ను రెండో పక్కకు మార్చడమే దీనికి మందు. ఈ మాట చెప్పి డబ్బులు పుచ్చుకోకుండా పంపేసేవాడి బల్ల దగ్గరకు జనం మళ్లీ మళ్లీ వస్తారు.

ఇక మూత విప్పాల్సి వస్తే, అతని పనితనంతో పాటు ఈ పోర్టును గీసినవాళ్ల పనితనం కూడా బయటపడుతుంది. యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996లో వచ్చింది. ఇంటెల్‌లో ఆ పని నడిపించినవాళ్లలో ముఖ్యుడు మన వడోదరలో చదువుకున్న అజయ్ భట్. మామూలు పాత పోర్టులో పిన్నులు నాలుగే: 5 వోల్టులు, గ్రౌండ్, మధ్యలో డేటాకు రెండు. ప్లగ్గును వెలుతురులో పెట్టి చూస్తే అటూ ఇటూ ఉన్న కరెంటు పిన్నులు పొడుగ్గా, మధ్యలో డేటా పిన్నులు పొట్టిగా కనిపిస్తాయి. లోపలికి పోతున్నప్పుడు ముందుగా లోహపు తొడుగు తగిలి మన ఒంటి మీది స్టాటిక్‌ను గ్రౌండ్‌లోకి లాగేస్తుంది. తర్వాత కరెంటు అందుతుంది, ఆఖరున డేటా. బయటికి లాగేటప్పుడు ఇదే వరస తిరగబడుతుంది. ఆ కాస్త పొడుగు తేడాతో, మిషన్ నడుస్తుండగానే పెట్టి తీసే వీలు వచ్చింది. ఈ వరస కోసం విడిగా చిప్పు గానీ ప్రోగ్రాము గానీ పెట్టలేదు. నాకైతే మొత్తం యూఎస్‌బీలో ఇంతకన్నా అందమైన ఆలోచన కనబడదు.

పోర్టు వెనక బోర్డు మీద ఇద్దరు కాపలావాళ్లు ఉంటారు. ఒకటి పవర్ స్విచ్ ఐసీ. వంగిన పెన్‌డ్రైవ్ తొడుగు లోపల పిన్నులను కలిపేసి షార్ట్ చేస్తే, అది కరెంటును కట్టేసి ప్రాసెసర్ వైపు కబురు పంపుతుంది. మనం పోర్టు పోయిందనుకునేవాటిలో కొన్ని ఇలా తమను తాము మూసుకున్నవే. రెండోది డేటా తీగల మీద కూర్చున్న, ఆవగింజంత కూడా ఉండని రక్షక డయోడు. పెద్ద స్టాటిక్ దెబ్బ తగిలితే అది షార్ట్ అయి చస్తుంది, వెనకున్న ఖరీదైన చిప్పు బతుకుతుంది.

ఈ చావును చదవడానికి అతనికి మల్టీమీటర్ చాలు. బ్యాటరీ కనెక్టర్ పీకేసి, మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ గ్రౌండ్‌కు ఆనించి, నల్లదానితో రెండు డేటా పిన్నులనూ ఒకదాని తర్వాత ఒకటి ముట్టుకుంటాడు. రెంటి మీదా దగ్గరదగ్గరగా ఒకే అంకె రావాలి. అసలు అంకె ఎంతన్నది బోర్డును బట్టి మారుతుంది కాబట్టి దాన్ని నమ్మడు, పక్కనున్న మంచి పోర్టుతో పోల్చుకుంటాడు. ఒకదాని మీద సున్నా వస్తే షార్ట్. రక్షక డయోడును లేపి మళ్లీ చూస్తాడు. షార్ట్ పోతే అది ప్రాణమిచ్చి కాపాడిందన్నమాట, దాని చోట ఇంకోటి వేస్తాడు. అప్పటికీ సున్నాయే ఉంటే దెబ్బ ప్రధాన చిప్పుదాకా వెళ్లింది. అలాంటప్పుడు, "ఒక్క పోర్టు కోసం అంత ఖర్చు దండగ సార్, రెండో పోర్టుకు హబ్ పెట్టుకోండి" అంటాడు. అసలు రీడింగే రాకపోతే తీగ ఎక్కడో తెగింది, లేదా పోర్టు కాలి దగ్గర టంకం వీడింది.

పోర్టు మార్చడంలో చెయ్యి తెలిసేది ఊడదీసేటప్పుడు. తొడుగు కాళ్లు బోర్డును చీల్చుకుని దిగి, లోపలి గ్రౌండ్ రాగి పొరకు అతుక్కుని ఉంటాయి. ఆ రాగి వేడిని ఇసుకలో పోసిన నీళ్లలా తాగేస్తుంది. తొందరపడి లాగితే డేటా పిన్నుల కింది సన్నని ప్యాడ్లు లేచొస్తాయి. అందుకే ముందు బోర్డును కింది నుంచి వెచ్చజేస్తాడు. పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లకు వేడికి తట్టుకునే క్యాప్టన్ టేపు కప్పుతాడు. సీసం లేని ఫ్యాక్టరీ టంకం 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు. దానిలో బిస్మత్ కలిసిన, 138 డిగ్రీలకే కరిగే టంకాన్ని కలుపుతాడు. రెండూ కలిశాక తక్కువ వేడికే మెత్తబడతాయి, పోర్టు బలవంతం లేకుండా పైకి వస్తుంది. రంధ్రాల్లో మిగిలిన ఆ మిశ్రమాన్ని రాగి జడతో పూర్తిగా పీల్చేస్తాడు. బిస్మత్ మిగిలితే అతుకు పెళుసుగా ఉంటుంది, ప్లగ్గు గుంజుళ్లకు ఆగదు.

టైప్-సీ వచ్చాక ఈ పని ఇంకా బిగుసుకుంది. 24 పిన్నులు రెండు వరసల్లో ఉంటాయి. చాలావాటిలో ఒక వరస కాళ్లు తొడుగు కింద దాక్కుంటాయి, మైక్రోస్కోప్‌కు కూడా తిన్నగా చిక్కవు. ఛార్జింగూ అక్కడి నుంచే అయితే పని చెడితే మిషన్ మొత్తం ఆగుతుంది. కొత్తది వేశాక ఛార్జర్ పెట్టి, లైటు వెలిగిందని అతను సంబరపడడు. హార్డ్‌డిస్కు తగిలించి పెద్ద ఫైలు కాపీ పెడతాడు. అదవుతుండగా ప్లగ్గును మెల్లగా అటూ ఇటూ కదుపుతాడు. తర్వాత ప్లగ్గును తిరగేసి పెట్టి అదే ఫైలు మళ్లీ కాపీ చేస్తాడు. వేగం మోసే తీగలు ఒక్కో వైపుకు వేరువేరు కాబట్టి, ఒక కాలు సరిగా అతకకపోతే ఒక వైపు పెట్టినప్పుడు బాగానే నడిచి, తిప్పి పెట్టినప్పుడు పాకుతుంది. రెండు వైపులా ఒకే వేగం వచ్చాకే వెనక మూత స్క్రూలు బిగిస్తాడు.