చేపకన్నా ముందు మేత

మడకశిర, రొళ్ల, అమరాపురం వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఒక క్రమం ఉంది. ముందు మల్బరీ తోట నిలదొక్కుకోవాలి. తర్వాత షెడ్డు కడిగి మందు కొట్టాలి. ఆ తర్వాతే, పిల్ల పురుగులను సాకే చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం (పొర విడిచే దశ) దాటిన పురుగులు ఇంటికి రావాలి. ఆకు చూసుకోకుండా పురుగు తెచ్చిన రైతు హిందూపురం మార్కెట్‌కు గూళ్లు మోసుకెళ్లలేడు. ఉప్పునీటి అక్వేరియంలో చేపకు మేతగా కోపెపాడ్లనే చిట్టి ప్రాణులను కొని పెంచేవారికీ ఇదే క్రమం వర్తిస్తుంది. ఏ తీరం నుంచి లెక్కేసినా సముద్రానికి 250 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈ నేలమీద గాజు తొట్టెలో పగడపు దిబ్బలాంటి లోకాన్ని నిలబెట్టాలంటే చేప తినే ప్రాణిని ముందు పెంచాలి. దానికన్నా ముందు, ఆ ప్రాణి తినే నాచును పెంచాలి.

కోపెపాడ్లు రొయ్యకూ పీతకూ చుట్టాలు. పదివేలకు పైగా జాతులున్నాయి. అక్వేరియంలో పెంచేవి ఎదిగినా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పేరు నాప్లియస్. ఆరు నాప్లియస్ దశలు, ఐదు కోపెపోడైట్ దశలు గడిస్తేగాని అది పెద్దది కాదు. పట్టుపురుగుకు నాలుగు జ్వరాలైతే, కంటికి సరిగా ఆనని ఈ జీవి 11 సార్లు పొర విడుస్తుంది.

రాయలసీమకు కోపెపాడ్లతో పాత పరిచయమే ఉంది, కానీ అది చేదు పరిచయం. దిగుడుబావుల్లో బతికే సైక్లాప్స్ కూడా మంచినీటి కోపెపాడే. నారికురుపు పురుగు పిల్లలు దాని కడుపులో చేరేవి. ఆ నీళ్లు తాగిన మనిషి ఒంట్లో ఏడాది తిరిగేసరికి మీటరు దాకా పొడవున్న పురుగు తయారై, కాలి చర్మం చీల్చుకుని బయటికి వచ్చేది. బావుల మెట్లు మూయించి, గుడ్డతో నీళ్లు వడకట్టించి, టెమిఫాస్ మందు చల్లించి ఆ రోగాన్ని తరిమారు. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది.

కోపెపాడ్లనే కోస్తా తీరం మరో చూపుతో చూసింది. రొయ్యల హేచరీల్లో పిల్లలకు బతికున్న మేతగా ఆర్టీమియాను పొదిగించడం అక్కడివారికి రోజువారీ పని. అయితే అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల కూడా 400 మైక్రాన్లకు పైనే ఉంటుంది. సముద్రపు చేపల్లో చాలా జాతుల పిల్లలకు అది నోట పట్టదు. చిన్న జాతుల కోపెపాడ్ల తొలి నాప్లియస్ మాత్రం 100 మైక్రాన్లలోపే. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం గ్రూపర్ చేపలతో గుడ్లు పెట్టించి పిల్లలను బతికించే పనిలో కోపెపాడ్ల సాగును కూడా పట్టుకున్నది ఇందుకే. ఇంట్లో బకెట్‌లో మనం చేసేది ఆ హేచరీ విద్యకే చిన్న రూపం.

కొనేటప్పుడు

మొదట జాతిని ఎంచుకోవాలి. టిస్బే చిన్నది. రాళ్ల సందుల్లో, తొట్టె అడుగున పాకుతూ పిల్లలు పెడుతుంది. తొట్టెలో శాశ్వతంగా కాపురం పెట్టేది ఇదే. టిగ్రియోపస్ కాస్త పెద్దది, ఎర్రగా ఉంటుంది. రాతి గుంటల్లో పుట్టిన జాతి కాబట్టి ఎండకూ ఉప్పు హెచ్చుతగ్గులకూ తట్టుకుంటుంది. ఈదులాడుతూ చేప కంట పడుతుంది కాబట్టి త్వరగా తరిగిపోతుంది. పార్వోకలానస్ వంటివి నీటి మధ్యలో తేలుతూ బతుకుతాయి. చేప పిల్లలను పెంచేవారికి అవి అమూల్యం, కానీ కొత్తవారి చేతిలో నిలవడం కష్టం. టిస్బేతో మొదలుపెట్టడం మేలు.

సీసా చేతికి రాగానే వెలుతురుకు అడ్డంపెట్టి చూడాలి. చుక్కల్లాంటివి కుదుపులు కుదుపులుగా కదలాలి. మూత తీస్తే సముద్రపు వాసన రావాలి. కుళ్లు వాసన వస్తే అందులో చాలావరకు చచ్చినట్టే. వేసవిలో కొరియర్ పెట్టె మధ్యాహ్నమంతా బండిలో మగ్గకుండా, రాత్రి బయల్దేరి తెల్లవారి చేరేలా తెప్పించుకోవాలి.

బకెట్‌లో సాగు

మడకశిర వైపు చాలా ఊళ్ల బోరునీటిలో ఫ్లోరైడ్, గట్టి ఉప్పులు ఉంటాయి. అందుకే ఆర్ఓ నీళ్లే వాడాలి. అక్వేరియం ఉప్పును లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపితే సాంద్రత 1.025 దగ్గరకు వస్తుంది. పది, ఇరవై లీటర్ల బకెట్, సన్నటి గాలి గొట్టం చాలు. గొట్టం చివర గాలిరాయి పెట్టకూడదు. దాని నురుగు బుడగలు పిల్లలకు చేటు. పెద్ద బుడగలు ఒక్కొక్కటిగా నెమ్మదిగా రావాలి. వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే టిస్బే పది, పదిహేను రోజుల్లో ఒక తరం తిరుగుతుంది. కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీ పంపు దగ్గరుండాలి.

మేత సూక్ష్మనాచు. నానోక్లోరాప్సిస్ సులువుగా దొరుకుతుంది, కానీ దానిలో డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం బాగా తక్కువ. ఆ కొరతను ఐసోక్రైసిస్ తీరుస్తుంది. రెండూ కలిపి వేయడం మంచిది. నీళ్లు లేత ఆకుపచ్చకు తిరిగే దాకా పోసి, మళ్లీ తేటపడ్డాకే ఇంకోసారి పోయాలి. బకెట్ సాగును ఆకలికన్నా ఎక్కువగా అతిమేతే చంపుతుంది. వారానికి పావువంతు నీళ్లు 50 మైక్రాన్ల జాలిలో వడకట్టి పంట తీసుకుని, అంతే కొత్త ఉప్పునీరు పోయాలి. రోటిఫర్లనే సూక్ష్మజీవులు చొరబడితే అవి కోపెపాడ్లను తొక్కేస్తాయి. కాబట్టి జాలి, కప్పు వేరుగా ఉంచుకోవాలి. రెండో బకెట్‌ను వేరే గదిలో పెట్టుకుంటే ఒకటి పోయినా విత్తనం మిగులుతుంది.

తొట్టెలోకి

కొత్త నీటికి అలవాటుపడేలా చుక్కచుక్కగా కలిపి, దీపాలు ఆర్పాక, పంపు కాసేపు ఆపి రాళ్ల దగ్గర వదలాలి. తొట్టెకు ఆనుకుని చేపలు చేరలేని చిన్న అరలో కీటోమార్ఫా నాచు పెంచితే పిల్లలకు అది పుట్టిల్లవుతుంది. రాగి కలిసిన చేపమందు ఆ నీటిలో ఎన్నడూ వేయకూడదు, కోపెపాడ్లు బతకవు. ఇంకో మాట కూడా మరవకూడదు: దిబ్బలు కట్టే పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. తీరంలో కనిపించిన పగడాన్ని ఏరి తెచ్చి తొట్టెలో పెట్టడం నేరం.

ఇంత శ్రమ ఎందుకంటే మాండరిన్ చేపను చూడాలి. నీలం, నారింజ గీతల ఆ అందమైన చేప పగలంతా రాళ్లమీద ఒక్కొక్క కోపెపాడ్‌నే ఏరుకు తింటుంది. ఎండు మేతను చాలామటుకు ముట్టదు. కోపెపాడ్లు పాతుకోని తొట్టెలో వేస్తే వారాల తరబడి చిక్కిపోయి చస్తుంది. డబ్బుపెట్టి కొన్న ప్రాణిని అలా ఆకలికి అప్పగించడం అన్యాయం. రాత్రి టార్చి వేస్తే గాజుమీద తెల్లని చుక్కలు గుంపులుగా పాకుతున్నాయంటే ఆ చేపకు ఇల్లు సిద్ధమైనట్టు. అంతదాకా ఆగాల్సిందే.

ఈ సాగుకు సముద్రం పక్కన ఉండాల్సిన పనిలేదు. ఉప్పు, ఆర్ఓ నీళ్లు, నాచు విత్తనం, శుభ్రమైన చెయ్యి, వేళ తప్పని మేత ఉంటే చాలు. చివరి రెండూ పట్టుపురుగులు పెంచిన కుటుంబాలకు ఎవరూ నేర్పక్కర్లేదు. బెంగళూరులో అక్వేరియం పెట్టుకున్నవారికి మడకశిర నుంచే కోపెపాడ్ల సీసాలు పంపగల నేర్పు ఈ ఇళ్లలో ఇప్పటికే ఉంది.