కొరివిదయ్యమూ, ఛాయాచిత్రమూ

చీకట్లో కదిలే వెలుగుకు మన జనం పెట్టిన పేరు కొరివిదయ్యం. ఆ పేరులో చితిమంట ఉంది, ఒంటరిదారి భయం ఉంది. దాన్ని మూఢత్వమని నవ్వే చదువరి, నెల్లూరు తీరాన తీసిన ఫోటోలో అదే వెలుగు కనిపిస్తే "అతీతశక్తి" అని నమ్ముతున్నాడు. దయ్యం పోలేదు, పేరు మార్చుకుంది. యంత్రం అబద్ధమాడదన్న విశ్వాసమే దానికి కొత్త ఆశ్రయం.

యంత్రం అబద్ధమాడదు నిజమే. కాని అడిగినదానికే జవాబు చెబుతుంది. షట్టరు 30 సెకండ్లు తెరిచి ఉంచితే పడవ దీపం నిప్పుగీత అవుతుంది. ఫ్లాష్ వెలిగిస్తే కటకం ముందున్న నీటి తుంపర తెల్లని గోళమవుతుంది. 1860 దశకంలో అమెరికాలో విలియం మమ్లర్ ఆత్మలకు ఫోటోలు తీస్తానని సొమ్ము చేసుకున్నాడు. 1869లో న్యూయార్కులో విచారణ జరిగింది. సాక్ష్యం చాలక విడుదలయ్యాడు. మోసం రుజువు కాకపోతే ఆత్మ రుజువైనట్టా?

అలాగని ప్రతి వెలుగునూ బూటకమని కొట్టివేయడం హేతువాదం కాదు, సోమరితనం. 2019 ఆగస్టులో ఇదే బంగాళాఖాతపు ఒడ్డున, నెల్లూరుకు దక్షిణాన చెన్నైలో, కెరటాలు నీలంగా మెరిశాయి. నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి నీరు కదిలినప్పుడు వెలుగుతుంది. అది విపరీతంగా పెరిగితే నీటిలో అమ్మోనియా పెరిగి చేపలకు ముప్పు రావచ్చు. అద్భుతమని ఫోటో తీసినవాడు ఇంటికి పోతాడు. ముప్పు వలవేసేవాడి వంతు.

పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు లేచింది. సంధ్యవేళ రాకెట్టు వదిలిన పొగ, నేల చీకటైన తరువాత కూడా, ఎత్తున తగిలే సూర్యకాంతికి మెరుస్తుంది. కారణం తెలియనివారికి అది వింతే. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులను ఈ కేంద్రం కోసమే తరలించారు. ఆకాశంలోని గీతను పట్టుకున్న ఛాయాచిత్రాలకు లెక్కలేదు. ఖాళీ అయిన గుడిసెలను పట్టుకున్నవి ఎన్ని?

కనుక ఇలాంటి చిత్రం ముందు విమర్శకుడు అడగవలసినవి మామూలు ప్రశ్నలే. ఏ తేదీ, ఏ వేళ, ఏ దిక్కు? షట్టరు ఎంతసేపు తెరిచారు? ఆ రాత్రి ఏ పడవలు వేటకు వెళ్ళాయి? రాకెట్టు ఏదైనా లేచిందా? ఒడ్డున ఉండే బెస్తవారిని ఎవరైనా అడిగారా? వీటికి జవాబు లేని ఛాయాచిత్రం సాక్ష్యం కాదు, వట్టి బొమ్మ. జవాబు దొరికిన తరువాత ఆఖరి ప్రశ్న మిగులుతుంది: ఆ వెలుగు కింద ఎవరు బతుకుతున్నారు? దాన్ని వదిలిపెట్టిన హేతువాదం, దయ్యాన్ని తరిమి చీకటిని మాత్రం అలాగే ఉంచుతుంది.